మెగసెసే కాదు, కోబాల్ట్ సంగతి రాయి

అమ్మాయీ,

క్యాన్సర్ డాక్టర్ వి. శాంత గారి మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. చిరాకొచ్చి వెంటనే జవాబు రాస్తున్నాను. మొదటి పేరాలోనే పద్మశ్రీ, మెగసెసే, పద్మభూషణ్, పద్మవిభూషణ్ వరసగా పేర్చేశావు. రెండో పేరా నిండా నోబెల్ వచ్చిన సి.వి. రామన్‌తో, చంద్రశేఖర్‌తో చుట్టరికం. ఆవిడ ఆస్పత్రిలో అడుగు పెట్టేసరికి నాలుగో పేజీ వచ్చింది. అంతవరకూ ఒక్క రోగీ కనపడడు!

ఆవిడ మద్రాసులో అడయార్ క్యాన్సర్ ఆస్పత్రిలో చేరింది 1955లో. మెగసెసే వచ్చింది 2005లో. మధ్యలో యాభై ఏళ్ళున్నాయి. నువ్వు రాయాల్సింది వాటి గురించి.

ఎగ్మూరు స్త్రీల, పిల్లల ఆస్పత్రిలో సర్కారు ఉద్యోగం చేతికొచ్చింది. దాన్ని కాదని 12 మంచాల ఆస్పత్రికి వెళ్ళింది. నువ్వేమో ‘త్యాగమూర్తి’ అని ఒక ముక్క రాసేసి దాటిపోయావు. అసలు ఆ రోజుల్లో క్యాన్సర్ అంటే ఏమిటో చెప్పకపోతే ఆ నిర్ణయం బరువు చదివేవాడికి ఎలా తెలుస్తుంది? వచ్చిందంటే ఇక చావే అనుకునేవాళ్ళు. ఇంట్లో ఆ పేరు కూడా ఎత్తేవాళ్ళు కాదు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు సొంత చెల్లెలు ఆ జబ్బుతో పోవడం చూసి, పట్టు వదలకుండా చందాలు పోగేసి 1954లో తెరిచిన ఆస్పత్రి అది. డాక్టర్లు ఇద్దరే, ముత్తులక్ష్మి గారి కొడుకు కృష్ణమూర్తి, ఈ శాంత. మొదట్లో జీతం లేదు, తర్వాత నెలకి 200 రూపాయలు. ఉండటానికి ఆవరణలోనే చోటిచ్చారు.

‘అత్యాధునిక పరికరాలు తెప్పించారు’ అని రాశావే, ఏ పరికరాలు? 1957లో కెనడా నుంచి, గడ్డ మీద రేడియేషన్ పెట్టే కోబాల్ట్-60 యంత్రం వచ్చింది, మన దేశంలో అదే మొదటిది. అంతకుముందు ఎక్స్‌రే పెడితే పైచర్మం మాడిపోయేది, లోపలి గడ్డకి చాలినంత అందేది కాదు. కోబాల్ట్ కిరణాలు చర్మాన్ని చాలావరకు వదిలేసి లోపలికి దిగుతాయి. అయితే యంత్రంలో ఉన్న ఆ కోబాల్ట్ రోజురోజుకీ నీరసిస్తుంది, ఐదేళ్ళు దాటేసరికి బలం సగమైపోతుంది. అప్పుడు అదే మోతాదు ఇవ్వాలంటే మనిషిని రెట్టింపు సేపు బల్ల మీద పడుకోబెట్టాలి. బయట వరండాలో క్యూ పెరుగుతుంది. కొత్త కోబాల్ట్‌కి మళ్ళీ డబ్బు వెతుక్కోవాలి. డాక్టర్ జీవితమంటే ఇదీ. ఈ లెక్క తెలియకుండా ‘సేవ’ అని రాస్తే అది శ్రద్ధాంజలి ప్రకటనలా ఉంటుంది.

నిన్నొక్కదాన్నే అనడం కూడా న్యాయం కాదులే. మీకీ అలవాటు చేసింది పత్రికలవాళ్ళే. మహిళా దినోత్సవం వస్తోందంటే ‘స్ఫూర్తి’ కావాలి వాళ్ళకి, అరపేజీ, పక్కన బాక్సులో అవార్డులు. నేను కుర్రతనంలో ఒక జిల్లా ఆస్పత్రి సర్జన్ గురించి రాశాను. ఆయన దూది కోసం, స్పిరిట్ కోసం ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడ్డాడో రాస్తే, ఎడిటర్‌గారు సరిగ్గా అదే కొట్టేసి ‘వైద్యో నారాయణో హరిః’ అని హెడ్డింగ్ పెట్టారు. నెలల తరబడి తిరిగి సంపాదించిన వివరం అది. పారితోషికం మనియార్డరు ఇప్పటికీ రాలేదు, అది వేరే సంగతి.

ఒక్క వాక్యం మాత్రం బావుంది. ఒంటి మీద రేడియేషన్ పెట్టే చోటుకి గుర్తుగా గీసిన గీతలు చెరిగిపోతాయని, క్యాన్సర్ వచ్చిన మీ పెద్దమ్మ తలారా స్నానం చేయడానికి భయపడేదన్నావు చూడు, అది. అలాంటిదాన్ని చివరి పేజీలో దాచావు!

ఇంకొకటి కూడా దాచావని నా అనుమానం. పెద్దమ్మది శ్రీకాకుళం జిల్లా అన్నావు, అంగిట్లో పుండు అన్నావు, చుట్ట మాట మాత్రం ఎత్తలేదు. మీ వైపు ఆడవాళ్ళు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చడం నాకు తెలియనిదా? ఆ వేడికీ పొగకీ అంగిలి పాడవుతుందని డాక్టర్లు ఏనాడో చెప్పారు. పెద్దమ్మ పరువు పోతుందని మానేశావేమో. శాంత గారు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది సరిగ్గా ఈ నోటి క్యాన్సర్లతోనే. ముదిరిన గడ్డలకి రేడియేషన్‌తో పాటు మందు కూడా కలిపి ఇచ్చి చూసింది, పొగాకు మీద నోరు నొప్పెట్టేలా మాట్లాడింది. మీ ఇంటి కథా ఆవిడ కథా కలిసేది అక్కడే. చుట్ట లేకపోతే రెండూ విడిపోతాయి.

కలం పేరు గురించి ఏదో అడిగావు, తర్వాత చూద్దాం. పెద్దమ్మ దగ్గర ఆ ఆస్పత్రి చీటీలు ఉంటే తీసి చూడు. ఎన్ని రోజులు రేడియేషన్ ఇచ్చారో, ఎక్కడ పడుకున్నారో, తోడెవరు వెళ్ళారో ఆవిణ్ణే అడిగి రాసుకో. అవార్డుల పేరా కొట్టేసి మళ్ళీ పంపు. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో రాయమ్మా, నా కళ్ళు ఆనడం లేదు.