నిజం చెబితే నాయన ఆశ వదిలేస్తాడా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా నాయనకు 61 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్, కాలేయానికి పాకింది, నాలుగో దశ అన్నారు. కీమో నడుస్తోంది. ఆయనకు మాత్రం నెమ్ము అని చెప్పాం. నెల్లూరు రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె పట్టుకున్నాడు, వచ్చే ఏడు తానే వచ్చి వదులుతానంటున్నాడు. నిజం తెలిస్తే మంచం పడతాడని అమ్మ భయం. ఏం చేయాలి?

జవాబు: నెమ్ముకు జుట్టు ఊడదు. మీ నాయన ఈపాటికే సగం గ్రహించి ఉంటారు, మీరు బాధపడతారని అడగట్లేదేమో. దాచడంలో అసలు చిక్కు వేరే ఉంది. బాగా నీరసించిన రోజున ‘నెమ్ముకు ఇంత మందెందుకు’ అని ఆయనే కీమో మానేస్తారు.

అలాగని అంతా ఒక్కసారే చెప్పక్కర్లేదు. టీవీ కట్టేసి, పక్కన కూర్చుని ముందు అడగండి: ‘జబ్బు గురించి నీకేమనిపిస్తోంది నాయనా? డాక్టరు నీకే వివరంగా చెప్పాలా, మాకు చెబితే చాలా?’ వద్దంటే ఆగిపోండి, అది ఆయన ఇష్టం. సరేనంటే జబ్బు పేరు చెప్పి మౌనంగా ఉండండి. వెంటనే ‘ఏం కాదులే’ అంటే ఆయన ఇక నోరు విప్పరు.

ఎన్నాళ్లని అడిగితే ఒక్క అంకె చెప్పొద్దు. డాక్టర్లు చెప్పే నెలల లెక్కకు అర్థం, సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారని, సగం మంది తక్కువని. రొట్టె మాటెత్తితే కాదనకండి. ‘మేమూ అదే కోరుకుంటున్నాం. ఆ రోజుకు ఓపిక లేకపోతే ఎవర్ని పంపమంటావు?’ అనండి. ‘ధైర్యంగా ఉంటే తగ్గిపోతుంది’ అని మాత్రం వద్దు. రేపు స్కాన్‌లో గడ్డ పెరిగితే తప్పు తనదేననుకుంటారు.

నా అనుభవంలో ఆశను తినేసేది నిజం కన్నా నొప్పి, ఆయాసం, నిద్ర లేకపోవడం. గట్టి నొప్పికి వాడే మందు మార్ఫిన్. అది రాస్తే చివరి రోజులొచ్చాయని కంగారుపడకండి. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు 4 గంటలే. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా, డాక్టరు రాసిన వేళలకు గడియారం చూసి ఇవ్వాలి. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. చాలా ఇళ్లలో మార్ఫిన్ మానేసేది ఈ ఒక్క ఇబ్బందితోనే. మీ అంతట మీరు ఉన్నట్టుండి ఆపకూడదు.

కీమోతో పాటే పాలియేటివ్ కేర్ (నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే వైద్యం) డాక్టరుకూ చూపించండి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై 2010లో వచ్చిన అమెరికా పరిశోధనలో, మొదట్నుంచీ ఈ వైద్యం అందినవాళ్లకు దిగులు తగ్గింది, ఆయుష్షు కూడా రెండు నెలలకు పైగా పెరిగింది.

మనవళ్లు వచ్చినా పలకకుండా, దేని మీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు గడిస్తే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందులున్నాయి, క్యాన్సర్ డాక్టరుకే చెప్పండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.