ఎన్నికల ముందు తెరకెక్కిన యుద్ధగతం

ప్రశ్న: 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రటిక్ అభ్యర్థి జాన్ కెర్రీ వియత్నాం యుద్ధగతం మీద పొగుడుతూ ఒకటి, తెగుడుతూ ఒకటి డాక్యుమెంటరీలు వచ్చాయని చదివాను. దేన్ని నమ్మాలి? పోలింగ్ దగ్గరపడ్డాక అలాంటివాటిని టీవీలో వేయడాన్ని చట్టం ఎందుకు ఆపలేదు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మొదటిది కెర్రీ పాత మిత్రుడు జార్జ్ బట్లర్ తీసిన ‘గోయింగ్ అప్‌రివర్’. రెండోది, తానూ వియత్నాంలో పోరాడి వచ్చి విలేకరి అయిన కార్ల్‌టన్ షేర్వుడ్ తీసిన ‘స్టోలెన్ ఆనర్’. వీటిని తూచేముందు, కెర్రీ యుద్ధంలో ఏం చేశారన్నది వేరు, తిరిగొచ్చాక ఏం మాట్లాడారన్నది వేరు అని గుర్తించాలి. ఆనాటి ప్రచారం ఈ రెండింటినీ కలగాపులగం చేసింది.

యుద్ధంలో చేసినదాని మీద దాడి ప్రధానంగా ‘స్విఫ్ట్ బోట్ వెటరన్స్ ఫర్ ట్రూత్’ అనే మాజీ నావికుల బృందం 2004 ఆగస్టులో వేసిన ప్రకటనలతో మొదలైంది. 1969 ఫిబ్రవరి 28న మెకాంగ్ డెల్టాలో ‘స్విఫ్ట్ బోట్’ అనే మూడు గస్తీ పడవల మీద ఒడ్డు నుంచి కాల్పులు జరిగినప్పుడు, కెర్రీ తన పడవను నేరుగా ఆ ఒడ్డుకే తిప్పించి, దిగి, రాకెట్ లాంచర్ పట్టుకున్న వ్యక్తిని వెంటాడి కాల్చారు. సిల్వర్ స్టార్ పతకం అందుకే వచ్చింది. అది అర్హత లేని పతకమని ఆ బృందం వాదించింది. ఆ మూడు పడవల అధికారుల్లో డొనాల్డ్ డ్రోజ్ కొద్ది వారాలకే యుద్ధంలో మరణించారు. కెర్రీ కాక మిగిలింది విలియం రూడ్ ఒక్కరే. షికాగో ట్రిబ్యూన్‌లో సంపాదకుడిగా పనిచేస్తున్న రూడ్, 35 ఏళ్లు పెదవి విప్పకుండా ఉండి, ఆ ఆగస్టులోనే తన పత్రికలో ఆ విమర్శలు అబద్ధమని రాశారు. ఆ మచ్చ కెర్రీ ఒక్కరికే కాక ఆ రోజు అక్కడ ఉన్న అందరికీ అంటుతోందన్నది ఆయన బాధ. కెర్రీ పడవల్లో పనిచేసిన సిబ్బందిలో ఒక్కరు తప్ప బయటికి వచ్చి మాట్లాడినవారందరూ కెర్రీ పక్షానే నిలిచారు. కాబట్టి ఈ విషయంలో నాకు సందేహం లేదు: నౌకాదళ రికార్డులూ, దగ్గరుండి చూసినవారి మాటలూ ఆరోపణకు వ్యతిరేకంగానే ఉన్నాయి.

‘స్టోలెన్ ఆనర్’ ఎత్తిచూపినది రెండో అంశాన్ని. 1971 ఏప్రిల్ 22న కెర్రీ సెనేట్ విదేశాంగ సంబంధాల కమిటీ ముందు, అమెరికా సైనికులు చేసిన అకృత్యాల గురించి తోటి సైనికులు చెప్పినవాటిని వినిపించారు. ఉత్తర వియత్నాం చెరలో ఉన్న తమ మీద ఆ మాటలనే ఆయుధంగా వాడారని మాజీ యుద్ధఖైదీలు ఈ చిత్రంలో చెప్పారు. చిత్రహింసలు అనుభవించినవారి ఆ వేదన నిజమైనదే, దాన్ని వినవలసిందే. అయితే ఒకరి గాయం ఎంత లోతైనదైనా, ఇంకొకరిని ద్రోహిగా నిర్ణయించడానికి అదొక్కటే సాక్ష్యం కాదు. కెర్రీ ఏ సందర్భంలో, ఎవరి మాటలను ఉటంకిస్తూ అలా అన్నారో కూడా ప్రేక్షకుడికి చెప్పాలి. బట్లర్ చిత్రానిదీ ఇలాంటి లోపమే, కాకపోతే తిరగేసి: స్నేహితుడి కెమెరా స్నేహితుణ్ణి నిలదీయదు.

ఇక చట్టం సంగతి. అప్పట్లో 62 టీవీ కేంద్రాలున్న సింక్లెయిర్ సంస్థ, రోజువారీ కార్యక్రమాలను ఆపి ‘స్టోలెన్ ఆనర్’ ఆధారంగా ఒక కార్యక్రమం ప్రసారం చేయాలని తన కేంద్రాలకు అక్టోబరులో ఆదేశించింది. పోలింగ్‌కు ముందు 60 రోజుల్లో అభ్యర్థి పేరెత్తే ప్రసారాలకు కంపెనీల సొమ్ము వాడరాదని 2002 నాటి చట్టం అప్పట్లో చెప్పినా, వార్తా కార్యక్రమాలకు అందులో మినహాయింపు ఉండేది. ఇది వార్తేనని సంస్థ అంది. ఇరుపక్షాలకూ చోటివ్వాలనే పాత ప్రసార నియమం 1987లోనే రద్దయింది. ప్రసారాన్ని ముందుగా అడ్డుకోబోమని ప్రసార నియంత్రణ సంస్థ అధ్యక్షుడూ చెప్పేశారు. చివరికి పని చేసింది చట్టం కాదు, జనం ఒత్తిడి. ప్రకటనదారులు వెనక్కి తగ్గారు, షేరు ధర పడిపోయింది, ఇది ప్రచారమేనని బాహాటంగా అన్న సొంత వాషింగ్టన్ బ్యూరో చీఫ్‌ను సంస్థ ఉద్యోగం నుంచి తీసేయడంతో విమర్శ మరింత పెరిగింది. అక్టోబరు 22న 40 కేంద్రాల్లో, ఆ చిత్రంలోని కొన్ని భాగాలు మాత్రమే ఉన్న వేరే కార్యక్రమం వచ్చింది.

ఇదే కొలత అవతలి పక్షానికీ వర్తిస్తుంది. కెర్రీ ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు జార్జ్ బుష్ నేషనల్ గార్డ్ (రిజర్వు సైనిక దళం)లో చేసిన సేవను తప్పుపడుతూ సెప్టెంబరు 8న సీబీఎస్ టీవీ చూపిన పత్రాలు అసలైనవని ఆ సంస్థ నిరూపించలేక, 12 రోజులకే క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: నేను ఇప్పుడు అమెరికా పౌరురాలిని. ఇలాంటి చిత్రం ఈ రోజు వస్తే ఆ 60 రోజుల నియమం పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: పనిచేయదమ్మా. 2008లో హిల్లరీ క్లింటన్ మీద తీసిన ఒక చిత్రం విషయంలో సిటిజన్స్ యునైటెడ్ సంస్థ వేసిన దావాలో, కంపెనీల ఖర్చు మీద ఉన్న ఆ నిషేధాన్ని సుప్రీంకోర్టు 2010 జనవరి 21న 5–4 తీర్పుతో కొట్టేసింది. ఖర్చు పెట్టినవారు తమ వివరాలు వెల్లడించాలన్న నిబంధనను మాత్రం ఉంచింది. అందువల్ల టీవీలో అలాంటి ప్రకటన కనిపిస్తే, దానికి ఎవరు ఖర్చు పెట్టారో ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. అయితే ఎన్నికల ముందు ప్రసారాలకు సంబంధించిన ఆ నిబంధన రేడియో, టీవీ, కేబుల్, ఉపగ్రహ ప్రసారాలకే పరిమితం. మీ ఫోనుకు వచ్చే వీడియో దాని పరిధిలోకి రాదు.