గుజరాతీ రాకుండా ఎంసీ తోడ్‌ఫోడ్ ర్యాప్ ఎలా ఆస్వాదించాలి?

మాటలు అర్థం కాకపోతే ర్యాప్‌లో ఇంకేం మిగులుతుందని మీ సందేహం. చాలానే మిగులుతుంది. ముంబయి కుర్రాడు ధర్మేశ్ పర్మార్, అదే ఎంసీ తోడ్‌ఫోడ్, 2022 మార్చిలో 24 ఏళ్లకే పోయాడు. అతను పాడేది గుజరాతీలో. అతని బృందం 'స్వదేశీ'లో మరాఠీ, హిందీ కూడా వినిపిస్తాయి. మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ కాబట్టి ఇలా భాషలు కలగలిసిపోవడం మాకేం వింత కాదు.

ముందు తాళం పట్టుకోండి. హిందీ సినిమా 'గల్లీ బాయ్' (2019)లోని 'ఇండియా 91' పాటతో మొదలుపెట్టండి. మృదంగ విద్వాంసుడు వివేక్ రాజగోపాలన్ అందులో తోడ్‌ఫోడ్ లాంటి కుర్రాళ్లతో కలిసి కర్ణాటక సంగీతపు జతులను, అంటే 'తకిట' లాంటి తాళపు పలుకులను, ర్యాప్‌లోకి తెచ్చాడు. తొడ మీద నాలుగేసి దెబ్బలు లెక్కపెడుతూ, దెబ్బకో అక్షరం చొప్పున 'తకిట' అనండి. మూడూ నాలుగూ తగువులాడుకుని పన్నెండో దెబ్బకు రాజీపడతాయి. ఆ లెక్క చెవికెక్కాక తోడ్‌ఫోడ్ ఎక్కడ ఊపిరి బిగబట్టాడో, ఎక్కడ మాట విసిరాడో తెలుస్తుంది. అర్థం రెండోసారి వినేటప్పుడు వెతుక్కోవచ్చు. ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి, మృదంగం డబ్బా మోతలా ఉంటుంది!