రౌటర్ మార్చాలా, ప్లాన్ మార్చాలా?

ప్రశ్న: మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. హాల్లో స్పీడ్ 90 దాకా వస్తోంది, వెనక పడగ్గదిలో 15 దాటదు. కనెక్షన్ ఇచ్చినవాళ్ళు 300 ప్లాన్ తీసుకోమంటున్నారు. షాపతను వైఫై 6 రౌటర్ కొనమంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. హాల్లో 90 వస్తోందంటే ఇంటి దాకా వచ్చే లైను బాగానే ఉంది. ప్లాన్ పెంచితే హాల్లో స్పీడ్ పెరుగుతుందేమో గానీ పడగ్గదిలో అదే 15 ఉంటుంది. చిక్కంతా హాలుకీ ఆ గదికీ మధ్యనే ఉంది.

ఫోన్ తీసుకుని ఆ గదిలోకి వెళ్ళండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో, వైఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే ఫ్రీక్వెన్సీ, లింక్ స్పీడ్ అని రెండు కనిపిస్తాయి. ఫ్రీక్వెన్సీ అంటే వైఫై నడిచే బ్యాండు, 2.4 గానీ 5 గానీ గిగాహెర్ట్జ్. లింక్ స్పీడ్ అంటే ఫోనుకీ రౌటరుకీ మధ్య కుదిరిన వేగం. నిజంగా చేతికొచ్చేది అందులో సగం, మహా అయితే మరికాస్త.

అక్కడ 2.4 గిగాహెర్ట్జ్, 72 అని ఉంటే మీకు 35, 40 రావాలి. 15 దగ్గరే ఆగుతోందంటే ఇరుగుపొరుగు రౌటర్లు కూడా అదే ఛానెల్లో, అంటే బ్యాండులోని అదే వరసలో, ఉండి ఉండొచ్చు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రసు బ్రౌజర్లో కొట్టి సెట్టింగ్స్ తెరవండి. 2.4 బ్యాండులో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి, 1, 6, 11 ఛానెళ్ళలో రద్దీ తక్కువున్నది పెట్టండి. 3, 4, 8 లాంటి మధ్య నంబర్లు వద్దు. అవి అటూ ఇటూ ఉన్న రెండు ఛానెళ్ళతోనూ ఢీకొంటాయి.

5 గిగాహెర్ట్జ్ అని ఉండి లింక్ స్పీడ్ బాగా పడిపోయి ఉంటే అది గోడల పని. ఈ బ్యాండు వేగమైనదే గానీ రెండు ఇటుక గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. దారిలో స్టీలు బీరువా ఉంటే ఇంకా ఘోరం. కనెక్షన్ పెట్టడానికి వచ్చినవాళ్ళు ఫైబర్ ఎక్కడ లోపలికొస్తే అక్కడే, టీవీ వెనకో తలుపు మూలనో, రౌటర్ డబ్బా బిగించేసి పోతారు. దాన్ని ఇంటి నడిమికి, 5, 6 అడుగుల ఎత్తుకి మార్పించండి. ఫైబర్ తీగను మాత్రం మీరు లాగొద్దు. గట్టిగా మడిస్తే లోపలి గాజుపోగు విరిగి, డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది.

ఇక వైఫై 6, అంటే వైఫై 5 తర్వాతి తరం, సంగతి. రౌటర్ ఎంత కొత్తదైనా సిగ్నల్ బలానికి చట్టం పెట్టిన హద్దు దాటకూడదు. అందుకే కొత్త రౌటర్ తెచ్చినంత మాత్రాన గోడ అడ్డు తొలగిపోదు. పైగా ఫోన్ కూడా వైఫై 6 అయితేనే ఆ అదనపు వేగం అందుతుంది.

ప్రశ్న: 300 ప్లాన్‌కి మారాం. కంపెనీ బిగించిన ఫైబర్ డబ్బాకి ఏసీ 1200 రౌటర్ కలిపాం. ఏ గదిలో చూసినా 94 దగ్గరే ఆగిపోతోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ 94 అనే అంకెలోనే జవాబుంది. 100 ఎంబీపీఎస్ తీగ మీద డేటాతో పాటు వెళ్ళే చిరునామాల్లాంటి అదనపు సమాచారం పోగా మిగిలేది అంతే. అంటే మీ దారిలో ఎక్కడో ఒకచోట 100 దాటని పోర్టో (కేబుల్ గుచ్చే చోటు), 100కి పడిపోయిన కేబులో ఉంది. గాలిలో వచ్చే వైఫై వల్ల తగ్గితే గదికో అంకె వచ్చేది.

మొదట కేబుల్ చూడండి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ల్యాన్ కేబుల్లోని 8 తీగలూ కావాలి. 4 తీగలే ఉన్నా, ఎనిమిదిలో ఒకటి ప్లగ్గులో సరిగా నొక్కుకోకపోయినా, చాలాసార్లు కనెక్షన్ ఆగకుండా 100కి దిగిపోయి నడుస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. పారదర్శకంగా ఉండే ప్లగ్గును వెలుతురులో పెట్టి తీగలు లెక్కపెట్టండి. మంచి క్యాట్ 5ఈ రకం కేబుల్ చాలు. ల్యాప్‌టాప్‌ని అదే కేబుల్‌తో నేరుగా కంపెనీ డబ్బాకి తగిలించి, విండోస్ ఈథర్నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉంటే ఆ కేబులూ, డబ్బా పోర్టూ మంచివే. 100/100 ఉంటే ఇంకో కేబుల్‌తో చూడండి. అప్పటికీ మారకపోతే, ల్యాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌దే అయితే, డబ్బా మార్చమని అడగండి.

అక్కడంతా బాగుంటే తప్పు రౌటర్‌దే. ఏసీ 1200 అన్నది రెండు బ్యాండుల వైఫై వేగాల మొత్తం, 300కి 867 కలిపితే దాదాపు 1200. పోర్టుల సంగతి అందులో లేదు. చవకైన ఈ తరహా మోడళ్ళు చాలావాటిలో పోర్టులు 10/100వే, అంటే 100 దాటనివే. 300 ప్లాన్ తీసుకుని అలాంటి రౌటర్ పెట్టుకుంటే డబ్బు కట్టిన వేగంలో మూడింట రెండొంతులు వృథా. ఇక్కడ మాత్రం రౌటర్ మార్చి తీరాలి. అట్ట మీద “గిగాబిట్ పోర్టులు” అన్న మాట కనపడితేనే కొనండి. 300కి వైఫై 5 (ఏసీ అని రాసేది అదే) సరిపోతుంది. 500 పైన ప్లాన్‌కి వెళ్ళే ఆలోచన ఉన్నా, ఇంట్లో ఇరవై ముప్పై పరికరాలున్నా వైఫై 6 తీసుకోవడం మంచిది.

ప్రశ్న: మేడ మీదికి సిగ్నల్ అందక రిపీటర్ కొని పై గదిలో పెట్టాం. పుల్లలు నిండుగా చూపిస్తోంది, నెట్ మాత్రం నత్తనడకే.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ పుల్లలు ఫోనుకీ రిపీటరుకీ మధ్యవి. రిపీటరుకే సిగ్నల్ సరిగా అందని చోట పెడితే అది పంచేదేముంటుంది? మెట్ల దగ్గరికి దించి చూడండి. అప్పుడైనా, ఒకే బ్యాండు మీద విని తిరిగి పలికే రిపీటర్ వేగాన్ని సగానికి సగం తగ్గిస్తుంది. కాంక్రీటు స్లాబు దాటాలంటే కేబులే మేలు. మెట్ల వెంట క్యాట్ 6 లాగి, పైన రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (తను అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే అమరికలో) పెట్టండి. ఆ మోడ్ మరిచిపోతే రెండు రౌటర్లూ వేర్వేరుగా అడ్రసులు పంచి, కింది ఫోన్‌కి పై టీవీ కనపడకుండా పోతుంది. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉంచండి.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ అని చెప్పి, డౌన్‌లోడ్‌లో 12 ఇస్తున్నారు. మోసమా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కాదు. ప్లాన్ మెగాబిట్లలో, డౌన్‌లోడ్ మెగాబైట్లలో చూపిస్తారు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 100కి పన్నెండున్నర లెక్క. మీకు దాదాపు పూర్తిగానే వస్తోంది.