ఏ జాక్ నుంచి ఏ జాక్‌కి: యువ రచయితకు లేఖ

తమ్ముడికి,

గిటార్ యాంప్ నుంచి మైకు లేకుండా నేరుగా రికార్డు చేయడం గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యాలు తేటగా ఉన్నాయి, చదువుతుంటే ఎక్కడా అడ్డు తగల్లేదు. అయితే అసలైన చోట "సిగ్నల్ తక్కువగా ఉంటే ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ పెంచండి" అని ఒక్క వాక్యంతో దాటేశావు. ఇంటర్‌ఫేస్ అంటే గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె, గెయిన్ అంటే దాని మీద సిగ్నల్‌ని పెంచే మీట. ఇలాంటి వ్యాసం కోసం వెతుక్కునే మనిషి గెయిన్‌ని ఎప్పుడో చివరిదాకా తిప్పేసి ఉంటాడు. మీటరు మాత్రం పైకి లేవదు, హిస్ (బుస్‌మనే చప్పుడు) ఒక్కటే పెరుగుతుంది. సిగ్నల్ దారిలో ఎక్కడ పోతోందో అతనికి తెలియాలి. నీ వ్యాసం మొత్తం ఆ వెతుకులాట మీదే నడవాలి.

మొదటి పేరాలోనే పాఠకుణ్ణి యాంప్ వెనక్కి తీసుకెళ్లి, కేబుల్ ఏ జాక్‌లో ఉందో చూడమను. నువ్వు అన్నిటికీ "డైరెక్ట్ ఔట్" అనేశావు. ఆ పేరు కింద లైన్ ఔట్, ప్రీయాంప్ ఔట్ (యాంప్ మొదటి దశ నుంచి వచ్చేది), ఎఫెక్ట్స్ సెండ్ (బయటి పెడల్స్‌కి పంపేది), హెడ్‌ఫోన్ ఔట్, ఎక్స్‌ఎల్‌ఆర్ డీఐ ఔట్ (మైకు ఇన్‌పుట్‌కి వెళ్లే మూడు పిన్నుల జాక్) ఇన్ని ఉన్నాయి. ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్‌లో ఉండేది ప్రీయాంప్ ఔట్. బాస్ కటానా 50లో హెడ్‌ఫోన్‌కీ రికార్డింగ్‌కీ కలిపి ఒకే జాక్, దానికి తోడు యూఎస్‌బీ. మార్షల్ డీఎస్‌ఎల్ 40సీఆర్‌లో స్పీకర్ స్వభావాన్ని అనుకరించి ఇచ్చే ఎమ్యులేటెడ్ ఔట్. ఈ మూడు యాంప్‌లు వాడేవాళ్లకి ఒకే సలహా ఇస్తే కనీసం ఇద్దరికి అది పనికిరాదు.

తర్వాత అంకెలు ఇవ్వు. "బలమైన", "బలహీనమైన" అన్న మాటలు నీకొక రకంగా, చదివేవాడికి ఇంకో రకంగా అర్థమవుతాయి. మైకు నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. గిటార్ నుంచి, పికప్‌ని బట్టి, సుమారు 100 మిల్లీవోల్టుల నుంచి 1 వోల్టు దాకా. ఒక పరికరం నుంచి ఇంకోదానికి వెళ్లే సిగ్నల్ బలాన్ని లైన్ లెవెల్ అంటారు, దాన్ని డీబీవీ, డీబీయూ అనే కొలమానాల్లో చెప్తారు. ఇళ్లలో వాడే పరికరాలది మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్టులు. స్టూడియో పరికరాలది ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. ఈ రెండు లైన్ లెవెల్స్ మధ్యే దాదాపు 12 డెసిబెల్స్ తేడా ఉంది, వోల్టుల్లో చూస్తే నాలుగు రెట్లు. ఎఫెక్ట్స్ సెండ్ అయితే కొన్ని యాంప్‌లలో పెడల్స్‌కి సరిపోయేలా మైనస్ 20 డీబీయూ దగ్గర ఉంటుంది, కొన్నింటిలో ప్లస్ 4 దగ్గర. యాంప్ మాన్యువల్ చివరి పేజీల్లో చాలావరకు ఈ అంకె ఉంటుంది, ముందు అది చూసుకోమను.

స్పీకర్ ఔట్ గురించి హెచ్చరికని చివర చిన్న అక్షరాల్లో పెట్టావు. దాన్ని పైకి తీసుకురా. 50 వాట్ల యాంప్ 8 ఓమ్‌ల స్పీకర్‌కి పూర్తి శక్తితో పంపేది 20 వోల్టులు. అది ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్తే ఇన్‌పుట్ కాలిపోవచ్చు. గాజు వాల్వులతో నడిచే వాల్వ్ యాంప్‌కి ఇంకో ప్రమాదం ఉంది. స్పీకర్ తీసేసి, లోడ్ లేకుండా వాయిస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది. ఇంట్లో చప్పుడు వద్దనుకునేవాడు స్పీకర్ బదులు యాంప్ శక్తిని మింగే లోడ్ బాక్స్ పెట్టుకోవాలి. టూ నోట్స్ టార్పెడో క్యాప్టర్ లాంటివి 4, 8, 16 ఓమ్‌లకి వేర్వేరు మోడళ్లుగా వస్తాయి. యాంప్ మీద రాసిన ఓమ్‌లూ వాట్లూ చూసి కొనాలి. యాంప్ నుంచి లోడ్ బాక్స్‌కి గిటార్ కేబుల్ వాడకూడదని, స్పీకర్ కేబులే వాడాలని కూడా చెప్పు.

ఇక నువ్వు అసలు తాకనే తాకని తప్పు ఒకటుంది. నా దృష్టిలో నీ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే దక్కాలి. యాంప్‌లోని హెడ్‌ఫోన్ జాక్ స్టీరియో. కొత్తవాళ్లు "మంచి కేబుల్" అని టీఆర్‌ఎస్ కేబుల్ (పిన్ను మీద టిప్, రింగ్, స్లీవ్ అని మూడు భాగాలుండేది; కొస టిప్, మధ్యది రింగ్, గ్రౌండ్‌కి వెళ్లేది స్లీవ్) కొని, ఒక కొస హెడ్‌ఫోన్ జాక్‌లో, రెండో కొస ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లో పెడతారు. ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్. టిప్ మీద వచ్చినదాంట్లోంచి రింగ్ మీద వచ్చినదాన్ని తీసివేయడమే దాని పని. యాంప్ ఎడమకీ కుడికీ ఒకే శబ్దం పంపుతుంటే తీసివేత తర్వాత దాదాపు ఏమీ మిగలదు. స్టీరియో రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) వేసి ఉంటే రెండు వైపులా తేడాగా ఉన్న ఆ రివర్బ్ ఒక్కటే మిగులుతుంది. గిటార్ ఎక్కడో దూరంగా, బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఈ లక్షణాన్ని ఇలాగే రాయి. పాఠకుడు తన హెడ్‌ఫోన్స్‌లో వినేది నీ పేజీలో కనిపిస్తే రోగం వెంటనే పట్టుకుంటాడు. యాంప్‌లో హెడ్‌ఫోన్స్ పెడితే శబ్దం నిండుగా ఉండి, ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లేసరికి మాయమైతే అనుమానించాల్సింది దీన్నే.

మందు చవకైనదే. ఒకవైపు స్టీరియో టీఆర్‌ఎస్, రెండోవైపు రెండు మోనో టీఎస్ పిన్నులు (రింగ్ లేనివి) ఉండే వై కేబుల్ కావాలి. రెండు పిన్నుల్లో ఒకటి ఇంటర్‌ఫేస్‌లో పెడితే చాలు, స్టీరియో కావాలంటే రెండూ రెండు ఇన్‌పుట్‌లలో. మామూలు మోనో గిటార్ కేబుల్‌నే హెడ్‌ఫోన్ జాక్‌లో పెడితే శబ్దం వస్తుంది. కానీ అది కుడి ఛానెల్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేస్తుంది. కొన్ని యాంప్‌లు దాన్ని తట్టుకునేలా కట్టినవి, అన్నీ కావు. మాన్యువల్ ఒప్పుకుంటేనే ఆ పని చేయమను.

డీఐ బాక్స్ (యాంప్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య పెట్టే పెట్టె) వాడమని నువ్వు ఇచ్చిన సలహా సగమే సరైనది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ సిగ్నల్‌ని మైకు స్థాయికి దించడానికే పుట్టింది. సాధారణంగా 12కి 1 నిష్పత్తి, అంటే దాదాపు 22 డెసిబెల్స్ తగ్గుదల. 1.23 వోల్టుల లైన్ ఔట్ అందులోంచి 0.1 వోల్టుగా బయటికి వస్తుంది. దాన్ని ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు ఇన్‌పుట్‌లో పెడితే ప్రీయాంప్ మళ్లీ లేపుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి టీఆర్‌ఎస్‌కి మార్చే కేబుల్‌తో లైన్ ఇన్‌పుట్‌లో పెట్టినవాడికి మాత్రం చేతికి చిక్కేది చీమంత. హమ్ (గుయ్‌మనే చప్పుడు) పోగొట్టడానికే డీఐ వాడుతున్నాడా, అప్పుడు 1కి 1 నిష్పత్తి ఉన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మేలు, లెవెల్ తగ్గదు.

ఇంటర్‌ఫేస్ వైపు కూడా ఒక నిజమైన లెక్క చూపించు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరం తీసుకో. దాని లైన్ ఇన్‌పుట్ ప్లస్ 22 డీబీయూ దాకా తట్టుకుంటుంది, ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ 12.5 దాకా, మైకు ఇన్‌పుట్ 9 దాకా. మైనస్ 20 డీబీయూ సెండ్‌ని లైన్‌లో పెట్టి గెయిన్ కనిష్ఠంగా ఉంచితే మీటరు మైనస్ 42 దగ్గర కదులుతుంది (మీటరులో సున్నా అంటే ఇన్‌పుట్ తట్టుకునే గరిష్ఠం). ఇన్‌స్ట్ (ఇన్‌స్ట్రుమెంట్) బటన్ నొక్కితే అదే సిగ్నల్ తొమ్మిదిన్నర డెసిబెల్స్ పైకి వస్తుంది. ప్లస్ 4 లైన్ ఔట్‌ని ఇన్‌స్ట్‌లో పెడితే మాత్రం గట్టి స్ట్రమ్ దగ్గర శబ్దం పగిలే అవకాశం ఉంది, దానికి లైన్ మోడే సరి. ప్యాడ్ బటన్ (సిగ్నల్‌ని తగ్గించేది) ఉన్న ఇంటర్‌ఫేస్ అయితే అది పొరపాటున నొక్కి ఉందేమో చూడమను. యాంప్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్ డీఐ ఔట్ మైకు ఇన్‌పుట్‌లోకి వెళ్తుంటే, మాన్యువల్ అడగనంత వరకు 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకి ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) ఆపి ఉంచాలి.

యాంప్ లోపల సిగ్నల్ ఎక్కడినుంచి తీస్తున్నారన్నది తర్వాతి ప్రశ్న. కొన్నింటిలో లైన్ ఔట్ మాస్టర్ వాల్యూమ్‌కి ముందు ఉంటుంది, కొన్నింటిలో తర్వాత. తర్వాత ఉంటే, పక్క ఫ్లాట్‌వాళ్ల కోసం మాస్టర్ తగ్గించిన ప్రతిసారీ రికార్డింగ్ కూడా తగ్గుతుంది. పరీక్ష సులువు: వాయిస్తూ మాస్టర్ తిప్పి, మీటరు దాంతో పాటు కదులుతుందేమో చూడటమే. లెవెల్ చాలడం లేదని యాంప్ గెయిన్ పెంచమని మాత్రం రాయకు. అది లెవెల్ కంటే ముందు డిస్టార్షన్‌ని పెంచుతుంది, శుభ్రంగా ఉండాల్సిన తీగ శబ్దం పగిలిపోతుంది.

పాత యాంప్‌లలో సెండ్, రిటర్న్ జాక్‌ల గురించి కూడా నాలుగు మాటలు రాయి. రిటర్న్ జాక్‌లో ఏమీ పెట్టనప్పుడు లోపలి చిన్న కాంటాక్టు గుండా సిగ్నల్ ముందుకు సాగుతుంది. ఆ కాంటాక్టుకి తుప్పో దుమ్మో పడితే స్పీకర్‌లో శబ్దం సన్నగిల్లుతుంది, వస్తూ పోతూ ఉంటుంది. దాని తర్వాత ఉన్న లైన్ ఔట్‌కీ అదే గతి. సెండ్ నుంచి రిటర్న్‌కి ఒక పొట్టి కేబుల్ వేసి చూడమను. శబ్దం నిండుగా తిరిగొస్తే దోషం అక్కడే. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, పిన్నుని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే చాలావరకు బాగవుతుంది.

అనుమానం తీరనివాడికి మల్టీమీటర్ పరీక్ష చెప్పు. ఫోన్‌లో టోన్ యాప్‌తో 220 హెర్ట్‌జ్ సైన్ టోన్ పెట్టి, వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టి, యాంప్ ఇన్‌పుట్‌లోకి పంపి, గిటార్ వాయించినంత శబ్దం వచ్చేదాకా పెంచాలి. లైన్ ఔట్ కేబుల్ రెండో కొసలో టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య ఏసీ వోల్టులు కొలవాలి. 0.3 దగ్గర చూపిస్తే ఇంటి లైన్ లెవెల్, 1 దాటితే స్టూడియో లెవెల్. కొన్ని మిల్లీవోల్టులే వస్తుంటే, కేబుల్ మార్చి చూశాక కూడా అంతే అయితే, తప్పు యాంప్‌లో ఉండే అవకాశం ఎక్కువ. చవక రకం పసుపు మీటర్లలో ఏసీ 200 వోల్టుల రేంజి నుంచి మొదలవుతుంది, 0.3ని అది నమ్మకంగా చూపించలేదు. 2 వోల్టుల ఏసీ రేంజి లేదా ఆటో రేంజి ఉన్నది కావాలని తప్పక రాయి. లేకపోతే మంచి యాంప్‌నే మెకానిక్ దగ్గరికి మోసుకెళ్తాడు.

సాఫ్ట్‌వేర్ భాగం పొడుగు తగ్గించు. సరైన ఇన్‌పుట్ ఛానెల్ ఎంచుకున్నాడా, ట్రాక్ మోనోనా, ఇవి చాలు. ట్రాక్ ఫేడర్ రికార్డింగ్ లెవెల్‌ని మార్చదన్న సంగతి మాత్రం విడిగా ఒక పేరాగా పెట్టు. అది వినే శబ్దాన్నే పెంచుతుంది, ఫైల్‌లోకి వెళ్లేది ఫేడర్‌కి ముందే రాసేసి ఉంటుంది.

ఎంత బలం కావాలి? "సున్నాకి వీలైనంత దగ్గరగా" అన్నావు. దాన్ని కొట్టేయి. 24 బిట్లలో ఒక్కో బిట్ 6 డెసిబెల్స్. గట్టిగా వాయించినప్పుడు శిఖరాలు మైనస్ 12 దగ్గర ఆగితే పోయేది రెండు బిట్లే, ఇంకా 22 ఉన్నాయి. సున్నా దాటిన చోట తరంగం తల తెగిపోతుంది, దాన్ని మళ్లీ అతికించలేం. శిఖరాలు మైనస్ 12, మైనస్ 6 మధ్య ఉండేలా పెట్టుకోమను. పరీక్షించేటప్పుడు క్లీన్ టోన్‌తో అన్ని తీగల మీదా గట్టి స్ట్రమ్ కొట్టాలి. డిస్టార్షన్ టోన్ శిఖరాలని అణిచేస్తుంది కాబట్టి దాంతో లెవెల్ పెట్టుకున్నవాడు క్లీన్‌కి మారగానే క్లిప్ అవుతాడు.

లెవెల్ సరిపోయాక కూడా శబ్దం గరగరలాడుతూ సన్నగా ఉంటే కారణం వేరు. గిటార్ స్పీకర్ హై ఫ్రీక్వెన్సీలని (కీచుగా ఉండే శబ్దాల్ని) అంతగా బయటికి పంపదు. సెలెస్టియన్ వింటేజ్ 30కి కంపెనీ ఇచ్చే పరిధి 70 నుంచి 5000 హెర్ట్‌జ్. ప్రీయాంప్ ఔట్‌లో ఆ వడపోత లేదు, అందుకే సాఫ్ట్‌వేర్‌లో క్యాబ్ ఐఆర్ (స్పీకర్ పెట్టె స్వభావాన్ని అనుకరించే ఫైలు) వేయాలి. ఎమ్యులేటెడ్ ఔట్ నుంచి తీసుకున్నవాడు మళ్లీ ఐఆర్ వేస్తే రెండుసార్లు వడకట్టినట్టై శబ్దం దుప్పటి కప్పినట్టు మూగబోతుంది.

హమ్ దగ్గర "ఎర్త్ పిన్ను తీసేసి చూడండి" అని ఒక వాక్యం ఉంది. దాన్ని ఏ రూపంలోనూ ఉంచకు. వాల్వ్ యాంప్‌లో వందల వోల్టులు ఉంటాయి. లోపం వచ్చిన రోజున ఎర్త్ లేకపోతే ఆ కరెంటు గిటార్ తీగల మీదికి వస్తుంది. దాని బదులు ఈ వరస రాయి: లాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద వినాలి, యాంప్‌నీ లాప్‌టాప్‌నీ ఒకే బోర్డులో పెట్టాలి, అప్పటికీ 50 హెర్ట్‌జ్ గుయ్‌మంటుంటే డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (కరెంటు ఎర్త్‌ని కాదు, సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ని మాత్రమే విడదీసేది) వాడాలి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ వైరు ఉండకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోమను.

రెండో బొమ్మలో కేబుల్ స్పీకర్ ఔట్ నుంచి బయల్దేరినట్టు గీశావు. వ్యాసం చదవకుండా బొమ్మ చూసే వైరు పెట్టేవాళ్లు ఎక్కువ. ముందు అది మార్చు, తర్వాత మిగతావన్నీ సరిచేసి పంపు. మళ్లీ చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య