సాఫ్ట్‌వేరా, పరిశోధనా? ఈ రంగంలో రెండూ కావాలి

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మా అమ్మాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. పుట్టుకతో వచ్చే జీవక్రియ వ్యాధులకు సంబంధించి ‘పర్సనలైజ్డ్ సిస్టమ్స్ మెడిసిన్’లో, వీలైతే ఐరోపాలో, పీహెచ్‌డీ చేస్తానంటోంది. మేమేమో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి రుషికొండలో ఉద్యోగం చూసుకోమంటున్నాం. ఎవరి మాట సరైనది?

జవాబు: మీ ఇంట్లో నడుస్తున్న వాదం మీరనుకుంటున్నంత పెద్దది కాదండీ. మీరు నేర్చుకోమంటున్న ప్రోగ్రామింగు ఆమె కోరుకుంటున్న రంగంలో సగం పని. మిగతా సగం ఆమె ఇప్పుడు చదువుతున్న బయోకెమిస్ట్రీయే.

ఈ రంగం ఎందుకు పుట్టిందో ఒక వ్యాధిని చూస్తే తెలుస్తుంది. మధ్యస్థ పొడవున్న కొవ్వు ఆమ్లాలను విడగొట్టే ఎంజైము కొందరు పిల్లల్లో పుట్టుకతోనే లోపిస్తుంది. దీన్ని ఎంక్యాడ్ లోపం అంటారు. అలాంటి బిడ్డ జ్వరంతో రాత్రంతా ఏమీ తినకుండా పడుకుంటే, నిల్వ ఉన్న గ్లూకోజు అయిపోయాక కొవ్వు నుంచి శక్తి అందక, రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. అయితే అదే ఉత్పరివర్తనతో (జన్యువులో మార్పుతో) పుట్టిన తోబుట్టువు ఏ లక్షణమూ లేకుండా పెరిగి పెద్దయిన సందర్భాలూ ఉన్నాయి. జన్యువు ఒక్కటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? ఒక్క ఎంజైమును విడిగా చూస్తే దీనికి జవాబు దొరకదు కాబట్టి, ఆ బిడ్డ కాలేయంలోని జీవక్రియల వలను మొత్తంగా గణిత నమూనాగా మలచి, ఆ బిడ్డ సొంత కొలతలతో నడిపి చూస్తారు. పర్సనలైజ్డ్ సిస్టమ్స్ మెడిసిన్ అంటే ఇదే.

మీ అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉందో లేదో తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. సమాన బలమున్న 10 ఎంజైములు వరుసగా పనిచేసే సరళమైన నమూనాను, ప్రతి చర్యా ముందుకూ వెనక్కూ సాగేలా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయమనండి. అందులో ఒక ఎంజైమును సగానికి తగ్గిస్తే మొత్తం ప్రవాహం (ఈ వరుస గుండా పదార్థం సాగే వేగం) సుమారు 9 శాతమే తగ్గుతుంది. అదే ఎంజైమును 1 శాతానికి దించితే మిగిలే ప్రవాహమే సుమారు 9 శాతం. లోపమున్న జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్న, అంటే ఎంజైము సుమారు సగమున్న తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉండి, రెండు ప్రతులూ అందుకున్న బిడ్డ జబ్బుపడటానికి కారణాన్ని ఎడిన్‌బరోలోని కాక్సర్, బర్న్స్ 1981లో ఈ తరహా లెక్కతోనే వివరించారు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన జిల్లాల్లో ఈ లెక్క కాగితం మీద ఆగిపోయేది కాదు: భార్యాభర్తలిద్దరూ ఇలా ఒక్కో లోపపు ప్రతి ఉన్న వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ నమూనా రాస్తూ ఆమెకు పొద్దు తెలియకపోతే ముందుకు వెళ్లనివ్వండి. విసుగొస్తే ఇప్పుడే తెలియడం మంచిది.

మిగిలిన ఏడాదిలో ఆమె అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్లు), గణాంకశాస్త్రం, పైథాన్ నేర్చుకోవాలి. ఐఐటీ మద్రాసు కంప్యుటేషనల్ సిస్టమ్స్ బయాలజీ పాఠాలు ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ వేదికలో ఉచితంగా ఉన్నాయి. విశ్వవిద్యాలయంలోనే హ్యూమన్ జెనెటిక్స్ విభాగం ఉంది కాబట్టి, అక్కడి అధ్యాపకుల్లో ఒకరి వద్ద ప్రాజెక్టు అడగడం మేలు. గైడు ఉత్తరంతో ఏదైనా పెద్దాసుపత్రి పిల్లల విభాగంలో కొన్నాళ్లు గమనించే అవకాశం దొరికితే వదులుకోకూడదు. నమూనా రాసేవారు రోగిని చూడకపోవడం ఈ రంగంలో నాకు కనిపించే పెద్ద లోపం.

ఐరోపాలో, ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు ఈ శిక్షణకు ముఖ్యమైన దారి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వైద్య కేంద్రం నేతృత్వంలో నడిచిన పోలిమర్ అనే నెట్‌వర్కు సరిగ్గా కాలేయ జీవక్రియ వ్యాధులపైనే 15 మంది యువ పరిశోధకులకు శిక్షణ ఇచ్చింది. ఇలాంటి చోట పరిశోధకుణ్ణి ఉద్యోగిగా చేర్చుకుని జీతం ఇస్తారు. కొన్ని నెలలు మరో దేశపు ప్రయోగశాలకో, కంపెనీకో పంపుతారు. అభ్యర్థి ఏ దేశస్థులైనా కావచ్చు, కానీ చేరే ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి నివసించి ఉండకూడదు. విశాఖలో ఉన్నవారికి ఈ షరతు అడ్డు కాదు.

ఒక్క దారినే నమ్ముకోవద్దు. సీఎస్‌ఐఆర్ నెట్, గేట్ పరీక్షలు రాయించండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్పుతో హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, సీసీఎంబీ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థల్లో ప్రయత్నించవచ్చు.

ఉద్యోగాల విషయం దాచను. అరుదైన వ్యాధులపైనే పనిచేసే స్థిరమైన కొలువులు మన దేశంలో తక్కువ. పీహెచ్‌డీ తర్వాత కూడా కొన్నేళ్లు తాత్కాలిక పదవుల్లో గడపాల్సి రావచ్చు. అయితే జీవక్రియను నమూనాగా మలచగలిగినవారిని ఔషధ కంపెనీలు, జన్యు పరీక్షల ల్యాబులు, డేటా సంస్థలు కూడా తీసుకుంటాయి. మీరు భయపడుతున్నంత ఇరుకు దారి కాదిది.

చివరిగా ఒక జాగ్రత్త. ఐరోపా నెట్‌వర్కుల ఖాళీలు యూరాక్సెస్ వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తాయి, దరఖాస్తుకు రుసుము ఉండదు. సీటు ఇప్పిస్తామని ఏ కన్సల్టెన్సీ అయినా డబ్బు అడిగితే ఇవ్వకండి.