పేజీ తెరుచుకోనంత మాత్రాన సర్వర్ పోయినట్టు కాదు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. గుంటూరు మిర్చి యార్డు దగ్గరి ఆ కమీషన్ కొట్టు సర్వర్ ఇక నీ చేతికొచ్చింది కదా. అందులో ఉన్నది ప్రాక్స్‌మాక్స్, అంటే ఒకే సర్వర్‌లో పలు వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లను) నడిపేది. దాని అడ్మిన్ పేజీ బ్రౌజర్‌లో తెరుచుకోని రోజున ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు ఒకటి గట్టిగా పట్టుకో. పేజీ పోయినా లోపలి వర్చువల్ మెషీన్లు నడుస్తూనే ఉంటాయి. పేజీని చూపించేది పీవీఈప్రాక్సీ అనే సర్వీసు. టాలీ ఉన్న విండోస్ మెషీన్‌కు దాంతో పని లేదు. మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగుతూ, గుమాస్తాలు బిల్లులు కొడుతున్న వేళ కంగారుపడి పవర్ బటన్ నొక్కకు. టాలీ పనిచేస్తోందా అని గుమాస్తాను అడుగు. పనిచేస్తోందంటే సర్వర్ బతికే ఉంది, నీకు తీరిక ఉంది.

అడ్రస్ సరిగ్గా కొట్టావో లేదో చూసుకో. ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి, చివర 8006 పోర్టు ఉండాలి. సర్టిఫికెట్ గురించి బ్రౌజర్ చేసే హెచ్చరిక తప్పేమీ కాదు, ఆ సర్టిఫికెట్‌ను సర్వర్ తనకు తానే ఇచ్చుకుంది మరి. ఆ తర్వాత బ్రౌజర్ ఏమంటోందో చదువు. చాలాసేపు తిరిగి 'టైమ్‌డ్ అవుట్' అంటే నీ మాట సర్వర్ దాకా చేరడం లేదు. వెంటనే 'రిఫ్యూజ్డ్' అంటే ఆ ఐపీలో ఎవరో ఉన్నారు కానీ 8006 దగ్గర పలకడం లేదు. ఆ ఎవరో మన సర్వరే కానక్కర్లేదు. రూటర్ అదే ఐపీని ఏ ప్రింటర్‌కో ఇచ్చేసి ఉండొచ్చు. అందుకే సర్వర్ ఐపీని రూటర్ పంచే వరుసకు బయట ఉంచు.

చేరకపోవడానికి మన ఊళ్లలో ఎక్కువగా కనబడే కారణం ఇంటర్నెట్ మార్చుకోవడం. పాత రూటర్ 192.168.1 వరుసలో ఉంటుంది, కొత్తది 192.168.29 వరుసతో వస్తుంది. సర్వర్ ఐపీ మనం చేత్తో రాసింది కాబట్టి పాత వరుసలోనే ఉండిపోతుంది. సర్వర్‌ను మార్చబోకు. కొత్త రూటర్ సెట్టింగుల్లో లాన్ ఐపీని పాత రూటర్‌కున్నదే పెట్టు. సర్వర్, విండోస్ మెషీన్, ప్రింటర్ అన్నీ ఒక్క దెబ్బతో దారికొస్తాయి. సర్వర్‌కు మానిటర్ పెడితే కనబడే అడ్రస్‌ను మాత్రం గుడ్డిగా నమ్మకు. అది హోస్ట్స్ ఫైలు (ఏ పేరుకు ఏ ఐపీయో రాసి ఉండేది) చూసి బూట్ అయ్యేటప్పుడు రాసుకున్నది. అసలు ఐపీ కావాలంటే రూట్‌గా, అంటే సర్వర్ మీద అన్ని హక్కులున్న యూజర్‌గా, లాగిన్ అయి 'ఐపీ ఏ' కొట్టి, వీఎంబీఆర్0 దగ్గర చూడు. అది సర్వర్‌నూ లోపలి మెషీన్లనూ నెట్‌వర్క్ పోర్టుకు కలిపే బ్రిడ్జ్.

అక్కడ ఐపీ సరిగ్గానే ఉన్నా సర్వర్ అందకపోతే కేబుల్ చూడు. కేబుల్ బాగుంటే, ఈమధ్య ఏదైనా కొత్త కార్డు బిగించారా అని అడుగు. కొత్త కార్డు పడితే నెట్‌వర్క్ పోర్టు పేరు మారిపోవచ్చు, నెట్‌వర్క్ సెట్టింగులుండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో బ్రిడ్జ్ పోర్ట్స్ ఎదురుగా మాత్రం పాత పేరే ఉంటుంది. ఇలాంటప్పుడు టాలీ కూడా అందదు. పేరు సరిదిద్ది 'ఐఎఫ్‌రీలోడ్ హైఫన్ ఏ' కొట్టు. నెట్‌వర్కింగ్ సర్వీసును రీస్టార్ట్ చేయకు, నడుస్తున్న మెషీన్లు బ్రిడ్జ్ నుంచి ఊడిపోతాయి.

'రిఫ్యూజ్డ్' అయితే సర్వర్ మీదే పీవీఈప్రాక్సీ స్టేటస్ చూడు. ఊరికే ఆగి ఉంటే రీస్టార్ట్ చేయి, మెషీన్లకు ఏమీ కాదు. ప్రైవేట్ కీ లోడ్ కాలేదని ఏడుస్తుంటే తప్పు దానిది కాదు. ఈటీసీలోని పీవీఈ ఫోల్డర్‌లోకి తొంగిచూడు, ఖాళీగా ఉంటుంది. ఆ ఫోల్డర్‌ను నింపేది పీవీఈ-క్లస్టర్ సర్వీసు, అది లేవలేదన్నమాట. సర్వర్ పేరుకు హోస్ట్స్ ఫైల్లో అసలు ఐపీ లేకపోయినా, 127తో మొదలయ్యే ఐపీ ఉన్నా అది లేవదు. పేరు ఎప్పుడో మార్చి ఉంటారు, కరెంటు పోయి వచ్చిన రోజున బయటపడుతుంది. హోస్ట్స్ ఫైల్లో ఆ పేరున్న లైను సరిదిద్ది ముందు పీవీఈ-క్లస్టర్‌ను, తర్వాత పీవీఈప్రాక్సీని రీస్టార్ట్ చేయి. ఖాళీగా కనబడింది కదా అని ఆ ఫోల్డర్‌లో ఫైళ్లు సృష్టించకు.

పేజీ వచ్చి, సరైన పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పోనివ్వకపోతే లాగిన్ గడిలోని రెల్మ్ (ఏ రకం యూజర్లలో వెతకాలో చెప్పేది) చూడు. రూట్‌కు లినక్స్ పామ్ ఉండాలి. అదీ సరే అయితే 'డీఎఫ్ హైఫన్ హెచ్' కొట్టు. రూట్ డిస్క్ (ప్రాక్స్‌మాక్స్ సిస్టమ్ ఉన్న చోటు) 100 శాతం అని చూపిస్తే దొంగ దొరికినట్టే. అతి మామూలుగా జరిగేది ఇది: బ్యాకప్ యూఎస్‌బీ డిస్క్‌ను ఎవరో ఊడదీస్తారు. దాన్ని మౌంట్ చేసిన, అంటే తగిలించిన, ఫోల్డర్ మాత్రం అలాగే ఉంటుంది. రాత్రి బ్యాకప్ ఆ ఖాళీ ఫోల్డర్‌లోకే, అంటే రూట్ డిస్క్ మీదికే, పడుతుంది. రెండు మూడు రాత్రుల్లో నిండిపోతుంది. యూఎస్‌బీ డిస్క్‌లో మంచి కాపీ ఉందని కళ్లారా చూశాకే అక్కడ పడినవి తీసేయి. తర్వాత ఆ స్టోరేజ్‌కు 'ఈజ్ మౌంట్‌పాయింట్' అనే ఆప్షన్ ఎస్ అని పెట్టు. ఇక డిస్క్ లేని రాత్రి బ్యాకప్ ఫెయిల్ అవుతుంది తప్ప రూట్‌ను నింపదు.

లోపలికి వెళ్లినా 'ఇన్వాలిడ్ టికెట్, 401' అని బయటికి నెట్టేస్తుంటే గడియారం చూడు. లాగిన్ టికెట్ 2 గంటలే చెల్లుతుంది, టైమ్ గంటల తేడాతో ఎగిరితే అది చెల్లదు. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్పించు.

ఫైర్‌వాల్ ఆన్ చేసే ముందు మానిటర్, కీబోర్డు పక్కన పెట్టుకో. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లను అది 8006కు రానిస్తుంది కానీ, విజయవాడలో ఇంటి నుంచి వీపీఎన్‌లో వచ్చే నిన్ను ఆపేస్తుంది. ఇరుక్కుంటే కొట్టులో మానిటర్ ముందు కూర్చుని 'పీవీఈ-ఫైర్‌వాల్ స్టాప్' కొట్టి, రూల్ రాసుకుని మళ్లీ మొదలుపెట్టు.

ఆ కొట్టుకు వెళ్లినప్పుడు సర్వర్ ఐపీ, గేట్‌వే (రూటర్ ఐపీ), నెట్‌వర్క్ పోర్టు పేరు, సర్వర్ పేరు ఒక చీటీ మీద రాసి పెట్టె పక్కకు అంటించు. హోస్ట్స్, ఇంటర్‌ఫేసెస్ ఫైళ్లు రెండూ ఫోన్‌తో ఫొటో తీసుకో.

మీ మామయ్య